నాలుగో పేజీలో చివరి వరుస

పొద్దున లేవగానే వీరేశం ముందు ఫోన్ తీసి ఎవరు పోయారో చూస్తాడు. ఆ తర్వాతే పళ్లు తోముకుంటాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే అలవాటు. పెళ్లైన కొత్తలో భార్య స్రవంతి దీనికి భయపడింది, కొన్నాళ్లకు విసుక్కుంది, ఇప్పుడు చాయ గ్లాసు పక్కన పెడుతూ "ఇయ్యాల ఎందరు?" అని అడుగుతుంది, పాలవాడిని లీటర్లు అడిగినట్టు.

అతను 'మూసీ కబురు' అనే చిన్న పేపరుకు విలేకరి. రాజకీయాలు రాయడానికి, పోలీస్ స్టేషన్ వార్తలు రాయడానికి వేరే మనుషులున్నారు. వీరేశానిది నాలుగో పేజీ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, వాటి చుట్టుపక్కల పల్లెలు, ఎక్కడ పేరున్న మనిషి పోయినా ఫోటో, నాలుగు మాటలు ఆ పేజీలో రావాల్సిందే. మాజీ సర్పంచులు, ముప్పై ఏళ్లు డ్రిల్లు చెప్పిన పంతుళ్లు, పశువుల డాక్టర్లు, ఊరందరి పురుళ్లు పోసిన మంత్రసానులు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా, వీరేశం ఆ కళ్లను ఇంకో చారెడు పెంచేవాడు. పొద్దస్తమానం తాగిన సర్పంచిని 'స్నేహశీలి' అని రాసేవాడు. పక్కింటివాళ్లందరితో పోట్లాడిన పంతులుకు 'ముక్కుసూటి మనిషి' అన్న బిరుదిచ్చేవాడు. వాటికి ఎవరికీ అభ్యంతరం లేదు.

ఒక్క చివరి వరుస దగ్గర మాత్రం ఆటలు సాగవు. 'ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు' అని పేర్లతో సహా రాసే వరుస. ఆ వరుసలో పేరు రాని ఇంటిమనిషి పేపరు బయటికొచ్చిన పొద్దుటి నుంచి ఎవరికీ కనపడడు, ఎవరికీ వినపడడు.

ఇది మూడు పట్టణాల్లో అందరికీ తెలిసిన సంగతే. అట్లాంటి వాళ్లను పేరు రానోళ్లు అంటారు. వాళ్లు ఎక్కడికీ పోరు. ఇంట్లోనే ఉంటారు, తింటారు, పడుకుంటారు, బస్సులెక్కుతారు. కళ్లకు ఆనరు, అంతే. కాగితం మీద రాసినా వాళ్ల అక్షరం మన కంటికి దొరకదు. సూర్యాపేట బస్టాండులో కండక్టర్లు ఖాళీ సీటును టవలుతో ఒకసారి దులిపి, "జర జరుగుండ్రి" అన్నాకే జనాన్ని కూర్చోనిస్తారు. మర్నాడు పేపరులో సవరణ వేస్తే పేపరు తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది గానీ మనిషి తిరిగి రాడు. ఆ ఇంట్లో మళ్లీ ఒక చావు జరిగి, ఆ వార్త చివరి వరుసలో పేరు పడితేనే వస్తాడు.

అందుకే పేరు రానోళ్లంటే జనానికి జాలికంటే భయం ఎక్కువ. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఇంట్లో తాత పోయినప్పుడు చిన్న మనవడి పేరు ఎగిరిపోయింది. ఏడాది తిరగకుండా వాళ్ల నాయనమ్మ మేడమెట్ల మీద నుంచి జారిపడింది. ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగిన మెట్లే. ఆమె వార్తలో మనవడి పేరు పడింది, పిల్లగాడు కనపడ్డాడు, దినం రోజు కడుపునిండా తిన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటి నుంచీ ఎవరన్నా తలుపు కొట్టి, తీసి చూస్తే మనిషి లేకపోతే, ఇంటివాళ్లు "మా ఇంట్ల అందరు మంచిగున్నరు" అని చెప్పి తలుపు మూసుకోవడం రివాజైంది.

వీరేశం ఇంట్లో కూడా ఒకరున్నారు. అతని చెల్లెలు ఉమారాణి.

నాలుగేళ్ల కింద తండ్రి బీరయ్య పోయాడు. తిరుమలగిరి పక్క పల్లె నుంచి గొర్రెల మందతో వచ్చి సూర్యాపేటలో స్థిరపడి, గొర్రెల పెంపకందార్ల సొసైటీకి పన్నెండేళ్లు పెద్దగా ఉన్న మనిషి. మందలో మూడువందలున్నా ఏ పిల్ల ఏ తల్లిదో అరుపు విని చెప్పేవాడు. అలాంటివాడికి నాలుగో పేజీలో సగం ఇచ్చారు. రాసింది వీరేశమే.

చివరి వరుస రాయడానికి ఒక పద్ధతుంది. కొడుకులకు పేరు చాలు. కూతుళ్లను మాత్రం ఇచ్చిన ఊరితో కలిపి రాస్తారు. చదివేవాళ్లు ఊరు చూసే బిడ్డను గుర్తుపడతారు. అక్క సరోజన దగ్గర చిక్కేమీ రాలేదు, నిడమనూరు అని రాశాడు. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.

ఉమారాణిని కోదాడ అవతల అనంతగిరికి ఇచ్చారు. మూడేళ్లకు సంచి పట్టుకుని తిరిగొచ్చింది, మళ్లీ పోలేదు. వెనకగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఎవరన్నా అడిగితే బీరయ్య "పండుగకొచ్చింది" అనేవాడు. ఏడేళ్లు అదే మాట. ఏ పండుగో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అనంతగిరి అని రాస్తే అబద్ధం. ఆ మొగుడు అప్పటికే ఇంకో పెళ్లి చేసుకున్నాడు, వాళ్లు పేపరాఫీసుకొచ్చి గొడవ చేస్తారు. సూర్యాపేట అని రాస్తే, బీరయ్య బిడ్డ మొగుణ్ని వదిలి పుట్టింట్లో ఉందని మూడు పట్టణాలకు చాటినట్టు. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే కదా పడేది. తండ్రి ఏడేళ్లు దాచిన మాటను తండ్రి చావు వార్తలోనే బయట పెట్టడానికి చెయ్యి రాలేదు. తల్లిని అడుగుదామని ఇంటికి ఫోన్ చేశాడు, ఏడుపుల్లో ఎవరూ ఎత్తలేదు. ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలి మిగతాది రాసుకుంటూ పోయాడు. సాయంత్రం ఐదయింది. ఎడిటర్ గురవయ్య "పేజీ పోవాలె వీరేశం" అని కేకేశాడు. ఊరు లేని పేరు ఆ వరుసలో మొండిగా కనపడింది. పేరు కూడా తీసేశాడు. అన్నేళ్లుగా సేవ చేసిన పేజీ తన ఇంటి జోలికి రాదులే అని మనసులో ఎక్కడో ఒక నమ్మకం. మరిచిపోయి ఉంటే వేరు, అతను తెలిసే తీసేశాడు.

మర్నాడు పొద్దున ఉమారాణి, పలకరించడానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తోంది. మేనమామ పేపరు చదవడం ముగించి గ్లాసు కోసం చెయ్యి చాపి, "బిడ్డ ఏది? గిప్పటిదాక గీడనే ఉండె" అన్నాడు. గ్లాసుల పళ్లెం మాత్రం గాలిలో ఉంది. తల్లి బక్కమ్మ ఒక్కతే పెద్దగా అరిచింది. పళ్లెం మెల్లగా నేల మీదికి దిగింది.

అప్పటి నుంచి ఆ ఇంటి వెనకగదిలో మిషన్ దానంతటది తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆడవాళ్లు గుడ్డ, కొలత జాకెట్టు కిటికీలో పెట్టిపోతారు, వారానికి వచ్చి తీసుకుపోతారు. కుట్టు మునుపటికంటే బాగుందని కూడా అంటారు. బక్కమ్మ మూడు పూటలా ఇంకో కంచం పెట్టి, పక్కన కూర్చుని, జవాబు రాకపోయినా మాట్లాడుతుంది. స్రవంతి కూడా "వదినా, జర పక్కకు జరుగు" అంటూ ఇల్లు ఊడుస్తుంది. వీరేశం మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చెల్లెలిని పలకరించలేదు. ఏమని పలకరిస్తాడు? సిగ్గుతో చచ్చిపోయేవాడు.

బయట మాత్రం కఠినుడైపోయాడు. మొన్న ఫిబ్రవరిలో కోదాడ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న రిటైరైన హెడ్మాస్టరు, పేరున్న మనిషి.

"రాసుకోండి వీరేశంగారూ. మా అమ్మగారు, నేను, మా చెల్లెలు. అంతేనండి."

"మీకు తమ్ముడున్నడు కద సార్? నాకు ఎరుకే."

"ఉన్నాడండి. వాడు మాతో మాట్లాడట్లేదు. వాడి పేరు అక్కర్లేదు."

"మాట్లాడకుంటే మాట్లాడకపాయె. పేరు చెప్పుండ్రి."

"అదికాదండీ, ఇది మా ఇంటి విషయం..."

"మీ అమ్మకు ఎన్నేండ్లు సార్?"

ఆయన తమ్ముడి పేరు చెప్పాడు. తమ్ముడి భార్య పేరు, పిల్లల పేర్లు కూడా చెప్పాడు. చివర్లో, "రెండుసార్లు చూసుకోండి, ప్లీజ్" అన్నాడు.

ఆ ఎండాకాలం మొదట్లో బక్కమ్మ తగ్గిపోవడం మొదలైంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, షుగరు, బీపీ ఉన్నా గోలీలతో లాక్కొస్తోంది. ఉన్నట్టుండి కాళ్లు వాచాయి, మాట తడబడింది. డాక్టరు గోలీల మోతాదు పెంచాడు, ఫలితం లేదు. ఒకరోజు స్రవంతి వీరేశాన్ని వాకిట్లోకి పిలిచి అరచెయ్యి తెరిచి చూపించింది. మురుగుమట్టి అంటిన గోలీలు, పదో పన్నెండో ఉన్నాయి.

"మోరీల దొరికినయి. వెనకగది కిటికీ కింద."

వీరేశం వాటిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"నేను అనొద్దు. గానీ ఆ గదిల ఎవరుంటరో నీకు ఎరుకే. మిర్యాలగూడ ముచ్చట నువ్వే కద చెప్పినవ్."

"ఉమ గసువంటిది కాదు."

"కాదని నేను కూడ అంటున్న. నాలుగేండ్లు ఎవ్వరికి కనపడకుంట బతికినంక మనిషి ఎట్ల మారుతదో నాకు తెల్వదు, నీకు తెల్వదు."

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. ఆ గుండె కూడా అంత గట్టిదేం కాదు, రెండేళ్ల కింద రెండు స్టెంట్లు వేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసుకు పోతున్నానని చెప్పి, బండి వీధి చివర ఆపి, నడిచి తిరిగొచ్చాడు. తల్లి గది కిటికీ రెక్క సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. చెల్లెలి మీద నిఘా పెట్టడానికి వచ్చిన తన బతుకు మీద తనకే రోత పుట్టింది.

బక్కమ్మ మంచం మీద కూర్చుని ఉంది. స్రవంతి ఇచ్చిన గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. కోడలు అటు పోగానే వేలు పెట్టి గోలీని బయటికి తీసింది. వణుకుతూ లేచి, గోడ పట్టుకుని నడిచి, తలుపు తెరిచి ఉన్న వెనకగదిలోకి పోయి, కిటికీలోంచి మోరీలోకి విసిరి వచ్చింది. మళ్లీ మంచం మీద కూర్చుని, పని ముగించినదానిలా కొంగుతో చేతులు తుడుచుకుంది.

అప్పుడు గూట్లోంచి గోలీల షీటు లేచింది. గాలిలోనే ఒక గోలీ చిట్లి బయటికొచ్చింది. నీళ్ల గ్లాసు లేచి బక్కమ్మ నోటి దగ్గరికి వచ్చి ఆగింది. బక్కమ్మ పెదాలు బిగించి మొహం తిప్పుకుంది. గ్లాసు అటువైపు తిరిగింది. బక్కమ్మ ఇటు తిప్పుకుంది.

"పో బిడ్డా. నీకెందుకే, పో" అంది బక్కమ్మ, ఎదురుగా ఉన్న ఖాళీతో. "నేనెన్నాళ్లుంటే నీకు గన్ని దినాలు గీ చీకటి."

గ్లాసు కదల్లేదు. అందులో నీళ్లు మాత్రం వణుకుతున్నాయి.

వీరేశం గదిలోకి వచ్చాడు. తల్లి కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బక్కమ్మ కొడుకును చూసి ఉలిక్కిపడలేదు.

"అవ్వా, ఏం చేస్తున్నవే నువ్వు?"

"నీ చేతుల పెన్నుంది. రాయనీకి సావు లేదు. ఆ సావు నేనిస్త."

"గట్ల అనకు."

"మరి ఎట్లనాలె? నాలుగేండ్లాయె నా బిడ్డ మొఖం సూసి. ఎండిపోయి ఉందో, మంచిగుందో, ఎంటికలు తెల్లగైనయో ఏమో. నా తలకు నూనె పెడతది. ఆ చెయ్యి తెలుస్తది. మొఖం తెల్వదు. నేను పోతె నువ్వు రాస్తవు, అది ఒస్తది. గీ ముసలి పాణం ఎవలికి గావాలె?"

"నాక్కావాలె. ఉమకు కావాలె. అది మందు పట్టుకుని నిలవడ్డది సూడు."

"దానికి తెల్వదు" అంది బక్కమ్మ. గ్లాసు వైపు చూడకుండా.

వీరేశం ఆ రోజంతా ఆలోచించాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకు పోయి తన వార్త తానే రాసుకున్నాడు.

దీనికొక వీలుంది. పేరున్నవాళ్లు మంచాన పడితే, హడావిడిలో తప్పులు పోకుండా వాళ్ల వార్త ముందే రాసి, తేదీ మాత్రం వదిలి, గురవయ్య బల్ల సొరుగులో పెడతారు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. కొంతమంది పెద్దమనుషులు చాయ తాగే నెపంతో వచ్చి తమది ఉందా లేదా అని ఓరకంట చూసిపోతుంటారు. లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. నలభై ఎనిమిదేళ్ల విలేకరి తనది తానే తెచ్చిస్తే మాత్రం గురవయ్య కళ్లజోడు తీసి చూశాడు.

"ఏంది వీరేశం? పిచ్చి గిట్ల లేసిందా?"

"ఉండనీ సార్. ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తది. ఒక్క మాట కూడ మార్చొద్దు, గంతే."

గురవయ్య చదివాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. తర్వాత సొరుగులో పెట్టి తాళం వేశాడు.

వీరేశం ఇంకో కాపీ తెచ్చి తల్లికి చదివి వినిపించాడు. చెల్లెలు కూడా వింటుందని మిషన్ ఆగేదాకా ఆగి మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు ఊరందరికీ అతికించిన బిరుదులు తనకు ఒక్కటీ పెట్టుకోలేదు. 'సూర్యాపేట విలేకరి వీరేశం కన్నుమూశారు. పిల్లలు లేరు. ఆయనకు తల్లి బక్కమ్మ, భార్య స్రవంతి, అక్క సరోజన (నిడమనూరు), చెల్లెలు ఉమారాణి (సూర్యాపేట) ఉన్నారు.'

"సూసినవా అవ్వా? ఊరి పేరుతోని సహా రాసిన. నువ్వు తొందరపడే పని లేదు. నువ్వు పోయినా, నేను పోయినా, ఎప్పటికన్నా దాని పేరు వస్తది. నువ్వు గోలీలు ఏసుకో."

బక్కమ్మ చాలాసేపు కాగితం వైపే చూసింది. ఆమెకు చదువు రాదు.

"మల్లొకపారి సదువు. గా ఆఖరిది."

చదివాడు.

"తల్లి బక్కమ్మ ఉన్నరు అని రాసినవ్."

వీరేశం ఆ వరుస మళ్లీ చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల అలవాటు. మగమనిషి వార్తలో తల్లి బతికుంటే తల్లితో మొదలుపెట్టాలి. చెయ్యి దానంతటది రాసేసింది. తల్లి ముందు కొడుకు పోతాడని తనే రాసి, తనే చదివాడు.

"పొరపాటు అవ్వా. రేపు పోయి తీసేస్త."

"వద్దు, ఉండనీ" అంది బక్కమ్మ. చెయ్యి చాపి గోలీ అడిగింది. నీళ్లు తాగి మింగింది. నోరు తెరిచి చూపించింది కూడా. "గట్లనే ఉండనీ బిడ్డా."

రేపు తీసేస్తానన్నవాడు తీయలేదు. ఎందుకంటే తల్లి బాగుపడటం మొదలుపెట్టింది. వారంలో కాళ్ల వాపు దిగింది. పదిహేను రోజులకు వాకిట్లోకి నడిచింది. నెల తిరిగేసరికి జొన్నరొట్టె తానే కొట్టి, రెండు తిన్నది. పొద్దున, రాత్రి అడగకుండానే గోలీలు వేసుకుంది. స్రవంతి ఆశ్చర్యపోయి, వదినను అనుమానించినందుకు వెనకగది గడప మీద కూర్చుని "తప్పయింది వదినా" అని ఏడ్చింది. వీరేశానికి ఇల్లు మళ్లీ ఇల్లులా అనిపించింది. తల్లి బతకాలని ఏ కాగితం ఉంచాడో దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

అతను గమనించడానికి ఇంకో నెల పట్టింది.

బక్కమ్మకు కొడుకు మీద ప్రేమ పెరిగింది. కూరలో మంచి ముక్కలు ఏరి అతని కంచంలో వేసేది. చిన్నప్పుడు అతనికి ఇష్టమైన పచ్చిపులుసు రోజు విడిచి రోజు చేసేది. మూలన పెట్టిన పట్టుచీర తీసి "గిది నీ పెండ్లప్పుడు కట్టుకున్న" అని చూపించేది. అన్నం తింటుంటే పక్కన కూర్చుని మొహంలోకి చూసేది, ఊరికి పోయేవాణ్ని సాగనంపేటప్పుడు చూసినట్టు. ఒకరోజు కొత్త చొక్కా కొనుక్కోమని పట్టుబట్టింది. వేసుకున్నాక, "గీ అంగి మీదనే ఒక మంచి ఫోటో దిగు బిడ్డా" అంది. "పాతదాంట్ల నీ మొఖం మంచిగొస్తలేదు."

అతను ఫోటో దిగాడు. కాదనలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర అతనికి తుమ్ము వచ్చింది. పుట్టినప్పటి నుంచి అతను ఎప్పుడు తుమ్మినా బక్కమ్మ నోట "నూరేండ్లు" అన్న మాట వచ్చేది. ఆ రోజు "నూ" అని ఆగిపోయింది. అతను తలెత్తి చూశాడు. ఆమె గిన్నె మీద మూత సర్దుతోంది.

వీరేశానికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని అనుకున్నాడు. తల్లి తన చావును కోరుకోవడం లేదు, అది అతనికి తెలుసు. బిడ్డ మొహం చూడాలని కోరుకుంటోంది. ఆ రెండింటినీ ఒక్కటి చేసింది అతని చెయ్యే. ఆఫీసుకు పోయి కాగితం చింపేయవచ్చు. చింపితే మర్నాటి నుంచి మోరీలో గోలీలు తేలతాయి. అందుకని సొరుగు జోలికి పోలేదు. రోజూ తన గోలీలు తను వేసుకుని, జాగ్రత్తగా మెట్లెక్కి, జాగ్రత్తగా దిగుతూ బతికాడు.

ఆగస్టులో ఒక పొద్దున స్రవంతి కోదాడలో తమ్ముడి ఇంటికి పోయింది. వీరేశం మిర్యాలగూడలో పోయిన ఒక పశువుల డాక్టరు ఫోటో కోసం బయల్దేరి, చెప్పులు వేసుకుంటూ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎడమచెయ్యి బరువెక్కింది. చొక్కా చెమటతో తడిసింది. వెనక్కి ఒరిగాడు.

బక్కమ్మ వచ్చింది. కొడుకు తల తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అవ్వా, ఆటో..." అన్నాడు.

"ఏం కాదు బిడ్డా. నేనున్న" అంది. జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమరసాగింది. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి. లేవలేదు, కేకేయలేదు.

లోపల మిషన్ ఆగింది. గేటు దభాలున తెరుచుకుంది. ఎదురింటి కమలాబాయి తలుపు మీద దబదబ మోత. కమలాబాయి తలుపు తీసి, ఎవరూ కనపడక, అరుగు వైపు చూడనైనా చూడకుండా రెండు చేతులు జోడించి, "మా ఇంట్ల అందరు మంచిగున్నరమ్మా" అని మూసుకుంది. పక్కింటి తలుపు మోగింది. ఆ ఇంట్లోంచి కూడా అదే మాట వినపడింది.

గేటు మళ్లీ కొట్టుకుంది. వీరేశం జేబులోంచి ఫోన్ బయటికొచ్చి గాలిలో నిలబడింది. అంబులెన్సు నంబరు పడింది.

"నమస్తే, చెప్పండి. హలో? హలో, ఎవరండీ మాట్లాడేది? ఏమీ వినపడటం లేదు. హలో?"

కట్ అయింది. ఫోన్ మళ్లీ నంబరు నొక్కింది. అటు గొంతు మళ్లీ "హలో, హలో" అంది. మూడోసారి కూడా అంతే. ఫోన్ వణికిపోతోంది. చెల్లెలు గొంతు చించుకుని అరుస్తోందని వీరేశానికి అర్థమైంది. ఫోన్ వచ్చి అతని నోటికి ఆనుకుంది. అతను పెదాలు కదిపాడు, ఊపిరి మాట కాలేదు. ఫోన్ బక్కమ్మ మొహం దగ్గరికి పోయింది. "హలో, ఎవరైనా ఉన్నారా?" అని అది అడుగుతోంది. బక్కమ్మ కళ్లు మూసుకుని కొడుకు జుట్టు నిమురుతూనే ఉంది.

"సాలు ఉమా" అన్నాడు వీరేశం ఎట్లాగో. నాలుగేళ్లలో చెల్లెలితో అన్న మొదటి మాట. "ఇగ సాలు."

గురవయ్య సొరుగు తాళం తీసి తేదీ ఒక్కటి నింపాడు. కొత్త చొక్కా ఫోటో వేశాడు. ఒక్క మాట మార్చలేదు. మర్నాడు పొద్దున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంతటా పేపరు పడింది.

ఆ ఇంటి వాకిట్లో జనం మధ్య, గోడకు ఒరిగి, ఒకామె కూర్చుని ఉంది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. తలుపులు బాది అరచేతులు వాచిపోయి ఉన్నాయి. నిడమనూరు నుంచి వచ్చిన సరోజన ఆమెను మొదట చూసి బావురుమని వాటేసుకుంది. "ఉమ కనపడ్డది, ఉమ కనపడ్డది" అని ఒకరికొకరు చెప్పుకుని మళ్లీ ఏడుపులో పడ్డారు.

బక్కమ్మను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి బిడ్డ ఎదురుగా కూర్చోబెట్టారు.

ఉమారాణి తల్లి వైపు చూసింది.

"నేను మొత్తుకున్న అవ్వా" అంది. "నా మాట ఎవ్వలకు ఇనపడదు. నీది ఇనపడతది కద. నువ్వెందుకు మొత్తుకోలే?"

నాలుగేళ్లు ఆ మొహం కోసమే తపించిన బక్కమ్మ, దాన్ని చూడలేక తల దించుకుంది.